గ్రీన్ కార్డు గడువు వేరు, నివాస హోదా వేరు

[తెరపై: గ్రీన్ కార్డు, గడువు తేదీ దగ్గర గుర్తు]

వ్యాఖ్యానం: అమెరికా పౌరసత్వం లేకపోయినా ఆ దేశంలో కాలపరిమితి లేకుండా నివసించడానికి, ఏ యజమాని స్పాన్సర్‌షిప్ మీదా ఆధారపడకుండా ఉద్యోగం చేసుకోవడానికి హక్కు పొందినవారే చట్టబద్ధ శాశ్వత నివాసులు; వారికిచ్చే గుర్తింపు కార్డే గ్రీన్ కార్డు. హెచ్-1బీ వీసా మీద ఏళ్ల తరబడి గడిపినవారికి ఈ రెండో హక్కు విలువ వేరే చెప్పనక్కరలేదు. మామూలు కార్డుకు పదేళ్ల గడువు ఉంటుంది. ఆ తేదీ దాటినంత మాత్రాన హోదా పోదు, కార్డును మాత్రం పునరుద్ధరించుకోవాలి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే జీవిత భాగస్వామి ద్వారా హోదా పొందినవారి సంగతి అలా కాదు. వారికి దక్కేది రెండేళ్ల గడువున్న, షరతులతో కూడిన హోదా. ఆ గడువుకు ముందున్న 90 రోజుల్లో షరతుల తొలగింపునకు దరఖాస్తు చేయకపోతే వారి హోదాయే రద్దయ్యే ప్రమాదం ఉంది.

[తెరపై: శంషాబాద్ విమానాశ్రయం]

వ్యాఖ్యానం: మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ప్రయాణాల విషయంలో. అమెరికా పౌరులైన పిల్లల ద్వారా కార్డు పొందిన తల్లిదండ్రులు ఇల్లూ పొలమూ వదల్లేక ఎక్కువ కాలం ఇక్కడే ఉంటూ, ఆరు నెలలకొకసారి వెళ్లి నాలుగు వారాలు ఉండి వస్తే చాలనుకుంటారు. చాలదు. ఏడాది లోపు తిరిగి వెళ్లినా సరే, అసలు కాపురం ఎక్కడుంది, పన్ను రిటర్నులు ఏ హోదాలో వేస్తున్నారు, స్వదేశానికి వెళ్లిన పని తాత్కాలికమేనా అన్నవి అధికారులు చూస్తారు. ఏడాదీ అంతకు మించీ బయట ఉంటే సాధారణంగా ఆ కార్డు ఒక్కటే తిరిగి ప్రవేశానికి పనికిరాదు. కాబట్టి ఎక్కువ కాలం ఉండవలసి వస్తుందని ముందే తెలిస్తే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. దాని గడువు గరిష్ఠంగా రెండేళ్లు; అది ఉన్నా ప్రవేశానికి పూర్తి భరోసా లేదు.

అమెరికా విమానాశ్రయంలో దిగినప్పుడు అధికారి ఐ-407 ఫారం ముందు పెడితే, అది హోదాను స్వచ్ఛందంగా వదులుకునే పత్రమని గుర్తించాలి. దాని మీద సంతకం పెట్టి తీరాలన్న నిర్బంధం లేదు. తన హోదా పోలేదని ఇమిగ్రేషన్ న్యాయమూర్తి ఎదుట వాదించుకునే హక్కు నివాసికి ఉంటుంది.

[తెరపై: పన్ను రిటర్ను, ఓటరు నమోదు ఫారం]

వ్యాఖ్యానం: భారతదేశంలో వచ్చే అద్దె, డిపాజిట్ల మీద వడ్డీ సహా ప్రపంచంలో ఎక్కడి ఆదాయాన్నైనా అమెరికా పన్ను రిటర్నులో చూపాలి. చిరునామా మారితే పది రోజుల్లో ఇమిగ్రేషన్ అధికారులకు తెలియజేయాలి. ఇక ఫెడరల్ ఎన్నికల్లో ఓటు పౌరులకే. డ్రైవింగ్ లైసెన్సు కాగితాలతో పాటు ఓటరు నమోదు ఫారం చేతికొస్తే, పౌరులమన్న గడిలో టిక్ పెట్టకూడదు. పౌరులమని అబద్ధం చెప్పడం, నేర శిక్ష పడకపోయినా, దేశ బహిష్కరణకు దారితీయగల కారణమే.