తీసేశామనుకున్న అకౌంట్ రాత్రి రెండింటికి ఏం చేస్తోంది?

నమస్కారం. పోయిన శ్రావణమాసం ముందు కూకట్‌పల్లిలో ఒక చీరల షాపులో కౌంటర్ పక్కన కూర్చుని ఉన్నాను. వాళ్ల కస్టమర్ డేటా పని నేనే చూస్తాను. ఒక పెద్దావిడ వచ్చారు. చీర చూడలేదు. పర్సులోంచి ఫోన్ తీసి మెసేజ్ చూపించారు. వరలక్ష్మీ వ్రతం ఆఫర్. పైన ఆవిడ భర్త పేరు, పక్కన గారు. ఆయన పోయి ఏడాది దాటింది.

"రెండుసార్లు చెప్పానమ్మా, ఆయన పేరు తీసేయమని. తీసేశామన్నారు. మళ్లీ వచ్చింది" అన్నారు కౌంటర్‌లో అమ్మాయితో. గొంతు కూడా పెంచలేదు. ఆ అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి, ఎందుకంటే తను నిజంగానే తీసేసింది. రెండుసార్లూ.

మరి ఎలా తిరిగొచ్చింది? ఆ సాయంత్రమే వాళ్ల సీడీపీ తెరిచాను. సీడీపీ అంటే కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్. బిల్లింగ్, వెబ్‌సైట్, ప్రకటనలు, ఎక్కడెక్కడి వివరాలనో ఒకచోటికి చేర్చి మనిషికో ప్రొఫైల్ కడుతుంది. వివరాలు వచ్చే చోటు సోర్స్. అందులోకి వెళ్లడానికి మనం ఇచ్చిన లాగిన్‌నే అకౌంట్ అంటాం. వీళ్లకి 11 అకౌంట్లు కనిపించాయి. వాడుతున్నవి నాలుగే.

మిగిలిన ఏడింటిలో ఒకటి పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ది. కొత్తది పెట్టి రెండేళ్లయింది. కానీ బిల్లుల లెక్కలు జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కదా, అందుకని పాత డేటాబేస్‌ని అలాగే ఉంచారు. అది సరైన పనే. సీడీపీకి కట్టిన తాడు మాత్రం ఎవరూ విప్పలేదు. రోజూ రాత్రి రెండింటికి మొత్తం టేబుల్, అంటే కస్టమర్ల పట్టిక, మళ్లీ లోపలికి వస్తోంది. అందులో ఆయన పేరు, ఆ నంబర్, మెసేజ్‌లు పంపొచ్చు అన్న టిక్కు. పగలు అమ్మాయి తీసేది, రాత్రి ఆ అకౌంట్ తెచ్చి పెట్టేది.

ఇది తీసేయడానికి ఒక వరస ఉంది. ముందు ఆ అకౌంట్ మీద ఏయే డేటాఫ్లోలు, అంటే సోర్స్ నుంచి సీడీపీలోకి వివరాలు తెచ్చే దారులు, నడుస్తున్నాయో చూడండి. వాటిని ఆపి, దాని మీద ఆధారపడిన కస్టమర్ గ్రూపులేంటో రాసి పెట్టుకుని, తర్వాత ఫ్లోలను డిలీట్ చేయండి. ఆ తర్వాతే అకౌంట్. డిలీట్ నొక్కాక వెనక్కి రాదు, కావాలంటే మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. ఇదంతా పది నిమిషాల పని.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. నాకు బాధనిపించేది అక్కడే. అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్ల పేరు గేటు మీంచి చెరిపేశాం, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. సీడీపీలో అకౌంట్ పోయినా, అవతలివైపు ఇచ్చిన అనుమతి ఉండిపోవచ్చు. గూగుల్ లాంటి చోట, పాస్‌వర్డ్ చెప్పకుండానే వేరే యాప్‌కి అనుమతి ఇచ్చే ఓఆథ్ పద్ధతి ఉంది. అందులో ఇచ్చే యాక్సెస్ టోకెన్, అంటే లోపలికి వెళ్లే పాస్ లాంటిది, సాధారణంగా గంటే పనిచేస్తుంది. కానీ దానితో పాటు ఇచ్చే రిఫ్రెష్ టోకెన్ కొత్త టోకెన్లు తెచ్చుకుంటూనే ఉంటుంది. కాబట్టి గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ యాప్‌ల దగ్గర తీసేయాలి. ఫేస్‌బుక్ అయితే సెట్టింగ్స్‌లో బిజినెస్ ఇంటిగ్రేషన్స్. డేటాబేస్ అయితే దీనికోసం చేసిన యూజర్‌ని డేటాబేస్‌లోనే తొలగించాలి. మేం అదే చేశాం.

ఇంకోటి. అకౌంట్ తీస్తే కొత్త డేటా రావడం ఆగుతుంది, అంతే. ఇప్పటికే వచ్చి ప్రొఫైళ్లలో కలిసిపోయింది అలాగే ఉంటుంది. ఆయన ప్రొఫైల్‌ని విడిగా డిలీట్ చేశాం, ఆ నంబర్‌ని పంపకూడని జాబితాలో పెట్టాం. మన దేశపు డిజిటల్ పర్సనల్ డేటా చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. వేరే చట్టం ఉంచమంటే తప్ప, సమ్మతి వెనక్కి తీసుకున్నవాళ్ల డేటా చెరపాలని అందులో ఉంది. బిల్లు ఉంచాలి, నిజమే. ఆ బిల్లు మీది నంబర్‌కి ఆఫర్లు పంపమని ఏ చట్టమూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే లాగ్, అంటే సీడీపీలోకి ఎప్పుడేం వచ్చిందో రాసే చిట్టా, చూశాను. రాత్రి రెండింటికి ఏమీ రాలేదు. ఆయన పేరు వెతికితే దొరకలేదు. ఓనర్ గారు ఆవిడకి తనే ఫోన్ చేసి క్షమించమని అడిగారు.

మిగిలిన ఆరింటిలో ఐదు కూడా ఇదే వరసలో తీసేశాం. చివరిది ఒక పాత ఉద్యోగి తన సొంత జీమెయిల్‌తో కట్టింది. ఆ అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. సీడీపీలోంచి తీసేయగలిగాం గానీ, అవతలి అనుమతి అతని చేతుల్లోనే ఉంది. ఈ ఆదివారం వీడియో కాల్ పెట్టుకుని, అతని చేతే తీయిస్తున్నాం.