మీ అబ్బాయి ఫీజు కౌలు రైతు కడుతున్నాడు!

నమస్కారం అండీ. థంబ్‌నెయిల్ చూసి తిట్టుకుంటూ లోపలికి వచ్చినవాళ్ళకి ఇంకో నమస్కారం. తిట్టడానికి కింద చోటుంది, ముందు పూర్తిగా వినండి.

గోదావరి డెల్టాలో భూమి ఉన్నవాళ్ళ పిల్లల చదువుకి ఫీజు కడుతున్నది కౌలు రైతు. నోరు జారి అనలేదు, వ్యూస్ కోసం అనలేదు. సరే, కొంచెం వ్యూస్ కోసం కూడా. కానీ మాట నిజం. మీ అబ్బాయి బీటెక్‌కి, మీ అమ్మాయి ఎంబీబీఎస్‌కి, మీ బావగారబ్బాయి డాలస్ వెళ్ళడానికి, ఫీజు కట్టింది మీ పొలం చేసే మనిషి.

గొడవ ఎక్కడ మొదలైందో మీకు తెలుసు. తల్లికి వందనం, అంటే బడికెళ్ళే పిల్లల తల్లులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు వేసే పథకం. పిల్లాడికి ఏడాదికి 15,000, అందులో బడి నిర్వహణకి 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో. 2025 జూన్‌లో డబ్బులు పడ్డ దగ్గర్నుంచి భీమవరం, తణుకు, అమలాపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "మా టాక్స్ డబ్బులతో వాళ్ళ పిల్లల్ని చదివిస్తున్నారు." మన వీడియోల కింద కూడా అదే. ఒకాయనైతే "ఉచితాలు తిని సోమరులైపోతున్నారు" అని రాశారు. ప్రొఫైల్ ఫోటోలో వెనకాల ఎకరాలకి ఎకరాలు పచ్చటి వరిచేను. ఆ చేలో నాట్లు ఎవరేశారండీ? మీరా?

రండి, లెక్క వేద్దాం. పెన్ను తీయండి.

2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369. అంటే 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. మక్తా, అంటే పొలం యజమానికి కౌలుగా ఇచ్చే ధాన్యం, ఊరూరికీ మారుతుంది, కాలవకి దగ్గరుంటే ఒక రేటు, శివారుకి ఒక రేటు. లెక్క కోసం మొదటి పంట సార్వాకీ, రెండో పంట దాళ్వాకీ కలిపి ఎకరానికి 30 బస్తాలు అనుకుందాం. మీ ఊళ్ళో ఇంకా ఎక్కువా? అయితే నా వాదనకి ఇంకా మంచిది. ఐదెకరాలు చేసే కౌలు రైతు కామందుకి, అంటే పొలం యజమానికి, ఇచ్చేది 150 బస్తాలు. రెండు లక్షల 66 వేల చిల్లర. ఒక్క ఏడాదికి! విత్తనం ఆయనది, దమ్ము ఆయనది, ఎరువు ఆయనది, కోత మిషను అద్దె ఆయనది, అప్పు ఆయనది. తుపాను వస్తే అదీ ఆయనదే.

ఇప్పుడు సిటీలో ఇంటర్ హాస్టల్‌తో కలిపి ఏడాది ఫీజు ఎంతో మీరే చెప్పండి. పేర్లు నేను చెప్పను, ఫ్లెక్సీలు అవే చెబుతాయి. ఊరి మొదట్లో కాలవ వంతెన దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీ, దాని కిందే ధాన్యం ఆరబెట్టిన బరకాలు. ఈ క్లిప్ చూడండి. మన సబ్‌స్క్రైబర్ ఒకరు పంపారు. కుర్రాడు యూనిఫాం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రోడ్డు మీద ధాన్యాన్ని కాలితో చాళ్ళు చాళ్ళుగా తిరగేస్తున్నాడు. ఎందుకంటే తేమ 17 శాతం దాటితే మిల్లు దగ్గర తరుగు తీస్తారు. బడి టైమయింది, మబ్బు పట్టింది, ధాన్యం వదిలేసి వెళ్ళలేడు. వాడి తల మీదే ఆ ఫ్లెక్సీ. అందులో నవ్వుతున్న పిల్లల్లో ఎంతమంది ఫీజు ఈ బరకాల మీద ఆరిందో!

నా సంగతి కూడా చెబుతాను, ఎవరో ఒకరు కింద ఎలాగూ రాస్తారు. నా డిగ్రీ కూడా అంతే. మా ఇంటికొచ్చిన కౌలు బస్తాల మీదే నేను చదివాను. అందుకే ఈ లెక్క నాకు తెలుసు.

ఇక "మా టాక్స్ డబ్బులు" అనే మాట. ఏ టాక్సండీ? వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపన్ను లేదు. పొలం మీద వచ్చే కౌలు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని తీసుకున్నా అంతే. ఉద్యోగం ఉంటే శ్లాబు లెక్కలో కలుపుతారు కదా అంటారా? కలుపుతారు. మరి కౌలు ఎంతొచ్చిందో రిటర్నులో నిజంగా రాశారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. కౌలు రైతు మాత్రం పురుగుమందు డబ్బా మీద జీఎస్టీ కడతాడు, సబ్బు మీద కడతాడు, పిల్లాడి చెప్పుల మీద కడతాడు. ఎవరి టాక్స్ డబ్బులతో ఎవరు బతుకుతున్నారు? ఆ 13,000 ఆయన ముందుగా కట్టిన డబ్బే, తిరిగి ఆయన ఇంటికి వచ్చింది.

వచ్చి ఎక్కడికి వెళుతుందో కూడా చూడండి. ఆ పథకం ప్రైవేటు బడి పిల్లలకి కూడా ఉంది. తల్లి ఖాతాలో పొద్దున్న పడిన డబ్బు వారం తిరక్కుండా కాన్వెంటు కౌంటర్‌కి చేరుతుంది. బస్సు ఫీజు, టై, బెల్టు, డైరీ. చాలకపోతే? కోనసీమలో, నరసాపురం వైపు వీధికో ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటుంది. వేరేవాళ్ళ ఇంట్లో అంట్లు తోమి, వేరేవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని, తన పిల్లాడి ఎల్‌కేజీకి డబ్బు పంపుతుంది. పిల్లాడు వీడియో కాల్‌లో రైమ్స్ చెబుతాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది. ఆవిణ్ణి సోమరి అంటున్నారు మీరు!

కోపం వస్తుందండీ. రాదా మరి?

ఇంకో మాట. ఉచితాలంటే మీకు ఒళ్ళు మండుతుంది కదా, అసలు ఈ డెల్టాయే ఒక ఉచితం. 1833 కరువులో పిట్టల్లా రాలిపోయారు ఈ ప్రాంతాల్లో జనం. 1847లో ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలు. ఖజానా డబ్బు, వేలమంది కూలీల రెక్కలు. ఇవాళ దాని స్థానంలో కట్టిన బ్యారేజీ కింద పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. ఆ నీళ్ళు ఎవరి పొలం గట్టు దాకా వచ్చాయో వాళ్ళ వంశం దశ తిరిగింది. రాయి మోసినవాడికి ఎకరం రాలేదు. ఊరూరా కాటన్ విగ్రహం పెట్టుకున్నాం, మే 15న దండలు వేస్తాం, సంతోషం. కాలవ తవ్వినవాడి విగ్రహం ఏ ఊళ్ళో ఉందో చూపించండి, నేను వచ్చి షూట్ చేస్తాను, పెట్రోలు ఖర్చు నాదే.

ఆ నీళ్ళ మీద పండిన ధాన్యం డబ్బే తర్వాత అన్నిటికీ పెట్టుబడి. మిల్లు పెట్టింది అదే, సినిమా తీసింది అదే, ఇంజనీరింగ్ కాలేజీ కట్టింది అదే. ఇది నా థియరీ, ఒప్పుకోకపోతే మానేయండి. కానీ ఒక్కసారి వరస చూడండి. కౌలు బస్తాలతో కాలేజీ లేచింది. కౌలు బస్తాలతో కామందు కొడుకు అందులో చదివాడు. అదే కాలేజీలో కౌలు రైతు కొడుకు చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో ప్రభుత్వం డబ్బు మళ్ళీ ఆ యాజమాన్యానికే వెళ్ళింది. అది ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపుతారని టెన్షన్ ఎవరికి? కౌలు రైతు కొడుక్కే.

పాతకాలంలో అంతా బాగుందని నేననను. బడి వసారాలో విడిగా కూర్చోబెట్టిన రోజులవి. కాకినాడలో మిషనరీలు బడి పెడితే తప్ప అక్షరం ముట్టని పల్లెలు బోలెడు. అయినా పిఠాపురం మహారాజాని చూడండి. జమీందారు. ఆయన డబ్బు కూడా రైతు కట్టిన శిస్తే. కానీ కాకినాడలో హరిజన పిల్లల కోసం హాస్టల్ నడిపాడు, అక్కడి పిఠాపురం రాజా కాలేజీకి అండగా నిలబడ్డాడు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఆడపిల్లలు, దళిత పిల్లలు గడప దాటి లోపలికి వచ్చారు. శిస్తులో కొంతైనా శిస్తు కట్టినవాడి పిల్లలకి వెనక్కి వెళ్ళింది. ఇప్పటి కామందులు ఊళ్ళో బడికి ఏం చేస్తున్నారు? సంక్రాంతికి ఫ్లైటు దిగి, పందెం బరి దగ్గర ఒక్క కోడి మీద పెట్టే డబ్బుతో బడికి ప్రహరీ లేస్తుంది. పెడతారా? "గవర్నమెంట్ స్కూల్ టీచర్లు సరిగ్గా చెప్పరండీ" అంటారు. మీ పిల్లలు అక్కడ చదివిన రోజుల్లో బాగానే చెప్పారు కదా! మునసబుగారి అబ్బాయి ముందు బెంచీలో ఉంటే మేష్టారు సెలవు పెట్టడానికి జంకేవాడు. మీరు పిల్లల్ని తీసేశారు, భయం పోయింది, బడి పేదవాళ్ళదైపోయింది. అలహాబాద్ హైకోర్టు 2015లో ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగులు, ప్రజాప్రతినిధుల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని తీర్పు ఇచ్చింది. అమలైందా? ఏ ఎమ్మెల్యే అయినా ఆ మాట ఎత్తాడా?

కట్నాల సంగతి ఎత్తకపోతే ఈ వీడియో అసంపూర్ణం. పొలం కౌలుకిచ్చి చదివిస్తారు. చదువు చూపించి కట్నం తీసుకుంటారు, అమెరికా సంబంధమైతే రేటు వేరు. ఆ కట్నంతో మళ్ళీ ఎకరం కొంటారు. దాన్ని మళ్ళీ అదే కౌలు రైతుకి ఇస్తారు. ఈసారి మక్తా రెండు బస్తాలు ఎక్కువ! రొయ్యల చెరువు వాడు ఎక్కువిస్తానంటే అదీ లేదు, చేను తవ్వేసి ఉప్పునీళ్ళు పెడతారు, కౌలు రైతు వలస పోవడమే.

"మా వాడు కష్టపడి చదివాడు, మెరిట్ అండీ." కష్టపడ్డాడు, కాదనను. తెల్లవారుజామున నాలుగింటికి లేచాడు. కౌలు రైతు కొడుకు కూడా నాలుగింటికే లేచాడు. దాళ్వాలో నీళ్ళు వంతుల మీద వస్తాయి, వంతు తప్పితే శివారు చేను ఎండుతుంది. వాడు తూము దగ్గర ఉన్నాడు, మీవాడు స్టడీ అవర్‌లో ఉన్నాడు. ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం.

సరే, ఏం చేయాలంటావ్ అంటారు. భూములు పంచమని నేను చెప్పినా మీరు పంచరు. చిన్న పని చెబుతాను. కౌలు కార్డు, అంటే ఆ పొలం సాగు చేసేది కౌలు రైతే అని చెప్పే కాగితం, దాని మీద సంతకం పెట్టండి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలల కార్డు. మీ హక్కుకి వెంట్రుకంత నష్టం లేదు. ఆ సంతకం లేక కౌలు రైతుకి బ్యాంకులో పంట రుణం పుట్టదు, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తాడు. పీఎం కిసాన్ 6,000 పట్టా ఉన్నవాడికే. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, చేలు నేలకొరిగాయి. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం చేసే పంట నమోదులో, కామందు పేరుంటే పరిహారం కామందుకి, పడిన చేను కౌలు రైతుకి. కొడుకుని విదేశాలకి పంపే కాగితాల మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేస్తారు, ఈ ఒక్క కాగితం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుందా?

కామెంట్లో మూడు ముక్కలు రాయండి చాలు. మీ మండలం, ఎకరానికి మక్తా ఎన్ని బస్తాలు, కార్డు మీద సంతకం అయిందా లేదా. పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. వచ్చినవన్నీ మండలాల వారీగా స్క్రీన్ మీద వేస్తాను. "మా టాక్స్ డబ్బులు" అని రాసేవాళ్ళు మాత్రం పక్కనే మీ పొలం ఎవరు చేస్తున్నారో, ఆయన పిల్లలు ఏం చదువుతున్నారో కూడా రాయండి. తెలియదంటే అదే రాయండి, పిన్ చేస్తాను.