పాచిక పడిన చోటు నుంచి

అందరికీ నమస్కారం. కారు నడిపేవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. జంక్షన్‌లో నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేసేవాళ్లు ఎంతమంది? ఒక్క చెయ్యీ లేవలేదు. మరి రోజూ సాయంత్రం నాకు కనబడేవాళ్లు ఏ ఊరివాళ్లో! ఇవాళ అదృష్టానికీ ముప్పుకీ మనం వాడే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం, ఆ ఇండికేటర్ల దగ్గరే మొదలుపెడదాం.

ఎర్ర త్రికోణం ఉన్న ఆ బటన్‌తో వెలిగేవాటిని హజార్డ్ లైట్లు అంటారు. బండి ఆగిపోయింది, చూసుకుని రండి అని చెప్పడానికి అవి. హజార్డ్ అంటే ఇవాళ ముప్పు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో మాత్రం అది రెండు పాచికలతో ఆడే ఒక జూదం పేరు. ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచివాళ్లకి అరబ్బీ నుంచి, పాచిక అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని చాలామంది అంటారు గానీ, అది ఇంకా తేలలేదు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ తన కథల్లో ఒక పాత్ర చేత ఈ ఆటని తిట్టించాడు. ఆడినవాళ్ల కొంపలు మునగడం చూసీ చూసీ, 16వ శతాబ్దానికల్లా జనం ఆ ఆట పేరునే ముప్పుకి పెట్టేసుకున్నారు.

ఛాన్స్ కూడా అలాంటిదే. దాని మూలం లాటిన్‌లో పడటం అనే అర్థమున్న మాట. పాచిక పడిన తీరు, అంతే. ఆ పడటంలోంచే యాక్సిడెంట్ వచ్చింది, కేస్ వచ్చింది, క్యాజువల్ కూడా వచ్చింది. ఆఫీసులో పెట్టే క్యాజువల్ లీవ్ ఉంది చూశారా, న్యాయంగా అది అనుకోకుండా నెత్తిన పడిన పనికి పెట్టుకోవాల్సిన సెలవు. మనం మాత్రం క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఏ ఆదివారానికి కలిపితే నాలుగు రోజులొస్తాయో లెక్కేసి మరీ పెడతాం.

తరగతిలో ఈ మాట చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది: "మనకీ అంతే కదా మేడమ్, తారసపడ్డాడు అంటాం కదా?" నిజమే, నాకు తట్టలేదు. తారసపడటం, తటస్థపడటం, కంటపడటం. అనుకోకుండా జరిగినవాటికి మనమూ పడటాన్నే వాడుతున్నాం. అయితే బాధపడటం, సిగ్గుపడటం కూడా ఉన్నాయి కాబట్టి దీన్ని మరీ సాగదీయకూడదు. కాకతాళీయం మాత్రం నిఖార్సయిన సాక్ష్యం. కాకి వాలడం, తాటిపండు రాలడం. కాకి వల్ల పండు పడలేదు, పండు కోసం కాకి రాలేదు. కోఇన్సిడెన్స్ అనే మాటలో ఇంత బొమ్మ లేదు.

ఇక నాకు బాగా ఇష్టమైనది హ్యాప్. పాతకాలపు ఉత్తర ఐరోపా ఓడయోధులు వైకింగుల భాష నుంచి వచ్చిన చిన్న మాట, అర్థం అదృష్టం. ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు. కానీ దాని పిల్లలు ఇంటినిండా తిరుగుతున్నారు: హ్యాపెన్, పర్హాప్స్, మిస్‌హ్యాప్. హ్యాపీ కూడా. హ్యాపీ అంటే మొదట్లో సంతోషంగా ఉన్నవాడని కాదు, అదృష్టం కలిసొచ్చినవాడని. సంతోషం అర్థం తర్వాత వచ్చింది. జర్మన్‌లో ఇప్పటికీ అదృష్టానికీ ఆనందానికీ ఒకటే మాట, గ్లూక్. ఇంగ్లీషు లక్ దానికి దగ్గర చుట్టమే. 15వ శతాబ్దంలో డచ్చి వైపు నుంచి, బహుశా జూదగాళ్ల నోట, ఇంగ్లండు చేరింది. అంటే మీరు "హ్యాపీ బర్త్‌డే" అన్నప్పుడల్లా తెలియకుండానే జాతకం మాట్లాడుతున్నారన్నమాట.

మన అదృష్టం దగ్గర పాచికలు లేవు. అదృష్టం అంటే కనబడనిది. ఎక్కడో, ఎప్పుడో చేసుకున్నదాని ఫలం, కంటికి కనబడకుండా వెంట వస్తుంది. తలరాత అంటే రాసినవాడు ఒకడున్నాడు. ఇంగ్లీషు ఫేట్ కూడా ఇంతే, దాని లాటిన్ మూలానికి పలికినది అని అర్థం. వాళ్లకి పలికాడు, మనకి రాశాడు. భాగ్యం అంటే భాగం, వాటా. ఇంగ్లీషు లాట్‌కి కూడా వాటా అనే అర్థముంది. చీటీలాగా తీసే చెక్కముక్కకి మొదట ఆ పేరు, దాన్ని బట్టి వచ్చే వాటాకి తర్వాత. లాటరీ అందులోదే. ఎన్నికల్లో ఇద్దరికి సమానంగా ఓట్లొస్తే లాటరీ తీయాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. లక్షల ఓట్లు లెక్కపెట్టి, చివరికి చీటీ దగ్గరికి రావచ్చు!

ఇంగ్లీషువాళ్లు మన పక్కింటి నుంచి తీసుకున్న మాట ఒకటుంది: సెరెండిపిటీ. 1754 జనవరి 28న హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషు రచయిత ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో దీన్ని పుట్టించాడు. సెరెండిప్ రాకుమారులు ముగ్గురు ఒకటి వెతకబోయి మరొకటి కనుక్కుంటూ ఉంటారని ఒక కథ. సెరెండిప్ అంటే శ్రీలంక. అరబ్బుల నోట సరందీబ్, దాని వెనక మన సింహళద్వీపం. వాల్పోల్ ఇందులో ఒక మెలిక పెట్టాడు. ఉత్త అదృష్టం చాలదు, కనబడినదాన్ని పట్టుకునే తెలివి కూడా ఉండాలన్నాడు. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ మాట వాడేవాళ్లు ఆ రెండో సగం వదిలేశారు. కాఫీ షాపులో పాత ఫ్రెండ్ కనబడినా సెరెండిపిటీయే.

మనమేం తక్కువ తినలేదు. ఛాన్స్ తెచ్చుకుని దాన్ని మన చేతికి తగ్గట్టు మార్చుకున్నాం. "ఛాన్సే లేదు" అన్నప్పుడు కాస్త పాత వాసన ఉంది. కానీ ఎక్కువగా మన ఛాన్స్ పడేది కాదు, ఒకరు ఇచ్చేది. ఇంగ్లీషులోనూ ఆ అర్థం ఉంది, మనం మాత్రం దాన్నే గట్టిగా పట్టుకున్నాం. సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లుండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో పొద్దున్నే టీకొట్టు దగ్గర నిలబడి వినండి. ఎవరికి ఛాన్సొచ్చింది, ఎవరిస్తానన్నారు, ఇస్తానని ఎవరు తిప్పించుకుంటున్నారు. అక్కడ ఎవరి చేతిలోనూ పాచికలుండవు. ఫోన్లో ఫొటోలుంటాయి, ఆఫీసు గేటు తెరిచేదాకా నిలబడే ఓపిక ఉంటుంది.

అడగాల్సినవి ఉంటే ఇప్పుడే అడగండి. ఎనిమిదింటికల్లా హాలు తాళం వేయాలట.