మబ్బు దుప్పటా, కొండచిలువా? ఒక్క పోలికతో మారిపోయే మూడ్

(షాట్: అలిపిరి. వాన ఇప్పుడే ఆగింది. వెనక శేషాచలం కొండ సగమే కనిపిస్తోంది.)

నా వెనక కొండ చూశారు కదా, దీన్నే రెండు రకాలుగా చెప్తా, వినండి. ఒకటి: కొండ మబ్బు దుప్పటి కప్పుకుని ముసుగుతన్ని పడుకుంది. రెండు: మబ్బు కొండచిలువలా మెల్లగా కొండను మింగుతోంది, గాలిగోపురం ఒక్కటే ఇంకా గొంతు దిగలేదు.

మబ్బు అదే. కానీ మొదటిది వింటే మనకూ ముడుచుకుని పడుకోవాలనిపిస్తుంది, రెండోది వింటే మెట్లదారిన పైకి వెళ్ళిన మనవాళ్ళు ఏమయ్యారో అని టెన్షన్ పట్టుకుంటుంది. చదివేవాళ్ళ మనసులో కమ్ముకునే ఈ వాతావరణమే మూడ్.

బడిలో మాకిది ఎవరూ చెప్పలేదు. ఉపమాలంకారం, అంటే పోలిక, దాని నాలుగు భాగాలు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం... గడగడా అప్పజెప్తే మార్కులు, అంతే. 'ఓ కృష్ణా! నీ కీర్తి హంసలా' అని ఎన్నిసార్లు రాశానో, అక్కడ హంసే ఎందుకుండాలి, కొంగ ఉంటే ఏం పోయింది అని ఒక్కసారీ అడగలేదు. కొంగ కూడా తెల్లగానే ఉంటుంది కదప్పా! కానీ కొంగ అనగానే చేప కోసం చేసే దొంగజపం గుర్తొస్తుంది, పొగడ్త కాస్తా వెటకారమైపోతుంది. చెప్పేవాడి గొంతులో వినిపించే ఆ తేడా టోన్. కిక్కిరిసిన చిత్తూరు బస్సు దిగినవాడు 'తోతాపురి కాయలు ట్రాక్టర్లో పోసినట్టు పోశారు' అంటే నవ్వుతూ తిడుతున్నట్టు, 'గొడ్లను తోలినట్టు తోలారు' అంటే నిజంగానే కడుపు మండినట్టు.

ఇక ఈ కొండనే నమ్ముకుని పాడిన అన్నమయ్య (1408–1503) దగ్గరికొద్దాం. 'ఏమొకో చిగురుటధరమున' కీర్తన చాలామంది వినే ఉంటారు. అమ్మవారి పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటింది, అది ఆవిడ స్వామికి రాసిన ఉత్తరం కాదు కదా, అంటాడు పల్లవిలో, చెలికత్తెల గొంతుతో. వాళ్ళ అల్లరి మనకూ అంటుకుంటుంది. వెంటనే మొదటి చరణంలో ఆవిడ కంటికొనలు ఎర్రగా ఉన్నాయి, ఎందుకట? ప్రాణేశ్వరుడి మీద నాటిన చూపుల్ని పెరికేటప్పుడు అంటిన నెత్తురు కాదు కదా!

అదే అల్లరి, అదే 'కాదు కదా', కానీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇంకోటి గమనించండి, ఆ చరణంలో బాణం అనే మాటే లేదు. నాటడం, పెరకడం, నెత్తురు, ఈ మూడూ మన చెవిన వేసి ఊరుకున్నాడు, బాణాన్ని మనమే తెచ్చుకుని గుచ్చుకున్నాం.

ఒకసారి ఆ చరణం పెట్టుకుని వినండి. ఈలోపు నేను టీ తాగొస్తా, మళ్ళీ వాన పట్టేట్టుంది.