ఆయనకి కార్డు ఉంది, మరి ఆవిడకి?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: గుంటూరులో ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన 71 ఏళ్ల మాష్టారు, విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్, హైదరాబాద్ నుంచి వచ్చిన బీమా సలహాదారు.)

యాంకర్: నమస్కారం. రిటైరయ్యాక ఆరోగ్య బీమా ఏది తీసుకోవాలి, ఏది ఉంచుకోవాలి అన్నది ఇవాళ్టి చర్చ. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లకి ఈహెచ్ఎస్సో సీజీహెచ్ఎస్సో ఏదో ఒక ప్రభుత్వ వైద్య పథకం ఉంటుంది కాబట్టి వాళ్లని కాస్త పక్కన పెడదాం. మాష్టారూ, మీరు కాగితాల సంచీతో వచ్చినట్టున్నారు?

మాష్టారు: పాలసీ, ఆస్పత్రి బిల్లు రెండూ తెచ్చానమ్మా. నిరుడు మా ఆవిడ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, నాలుగు రోజులున్నాం. బిల్లు 1,80,000. మా పాలసీ 3 లక్షలకి. ఇంకేం, చేతి డబ్బు పడదనుకున్నా. డిశ్చార్జి నాడు కౌంటర్లో 60,000 కట్టమన్నారు.

సలహాదారు: రూమ్ ఎంతది తీసుకున్నారు?

మాష్టారు: అక్కడే వచ్చింది. పాలసీలో రూమ్ అద్దె రోజుకి ఒక శాతం, అంటే 3,000. మేం తీసుకున్నది 6,000 రూమ్. తేడా నాలుగు రోజులకి 12,000, పోనీలే మనమే పెట్టుకుందాం అనుకున్నా. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నా లెక్కే తప్పింది.

సలహాదారు: మీకున్న పరిమితి ఆ అద్దెలో సగం కదా. అందుకని డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఖర్చుల్లోనూ సగమే ఇచ్చుంటారు. మందులకీ, లోపల వేసిన ఇంప్లాంటుకీ, పరీక్షలకీ ఈ కోత ఉండకూడదు.

మాష్టారు: ఉండలేదు. అవి 60,000 పూర్తిగా ఇచ్చారు. డాక్టర్లు, థియేటర్ అన్నీ కలిపి 96,000 అయితే అందులో 48,000 కోశారు. దానికి రూమ్ తేడా 12,000 కలుపుకోండి.

డాక్టర్: మా వైపు తప్పు కూడా ఉందండీ ఇందులో. అడ్మిషన్ దగ్గర "ఏ రూమ్ కావాలి సార్" అని అడుగుతారు. మీ పాలసీకి ఏ రూమ్ వరకు నప్పుతుందో చూసి చెప్పేవాళ్లు తక్కువ. ఆ టెన్షన్‌లో ఎవరైనా మంచి రూమే అంటారు.

యాంకర్: మాష్టారూ, మీకు 70 దాటాయి. 70 నిండినవాళ్లకి ఉచిత వైద్యం కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకున్నారా?

మాష్టారు: తీసుకున్నా. ఆధార్ చూశారు, వయసు చూశారు, ఆదాయం అడగలేదు. ఏడాదికి 5 లక్షలు. అందుకే ఈ ప్రైవేటు పాలసీ ఇక ఆపేద్దామని.

డాక్టర్: అమ్మగారి వయసెంత?

మాష్టారు: 66.

డాక్టర్: మరి ఆవిడకి రాదుగా! ఎవరికి 70 నిండితే వాళ్లకే. మీరు పాలసీ ఆపితే, తుంటి విరిగిన మనిషికి ఏమీ లేకుండా పోతుంది.

మాష్టారు: (కాసేపాగి) ఇద్దరిదీ ఒకే పాలసీ కదా, కార్డు కూడా అంతే అనుకున్నాను.

సలహాదారు: 2024 అక్టోబరులో ఈ కార్డు వచ్చాక చాలా ఇళ్లలో ఇదే పొరపాటు. నన్నడిగితే మీ ఇద్దరికీ కలిపి ఉన్న ఈ ఫ్లోటర్‌లోంచి మీరు బయటికి రండి, ఆవిణ్ణి ఉంచండి. ఫ్లోటర్‌లో మామూలుగా పెద్ద వయసును బట్టే ప్రీమియం వేస్తారు. మీరు తప్పుకుంటే లెక్క 71 నుంచి 66కి దిగుతుంది. మిగిలిన డబ్బుతో ఆవిడకి సూపర్ టాపప్, అంటే ఏడాది ఖర్చు ఒక హద్దు దాటాక ఆ పైది ఇచ్చే పాలసీ, తీసుకోవచ్చు.

డాక్టర్: దానికి నేనొప్పుకోను. కార్డు నడిచేది జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లోనే. ఉన్నచోట కూడా అన్ని విభాగాలకీ ఉండదు. ఒక ఆస్పత్రిలో గుండెకి ఉంటుంది, కీళ్లకి ఉండదు. పైగా ప్రైవేటు పాలసీ ఉన్నా కార్డు ఇస్తారు, ఒకదానికొకటి అడ్డు కాదు. 71లో బయటికొచ్చిన మనిషి 73లో మళ్లీ లోపలికి పోతానంటే?

సలహాదారు: పోవచ్చు. 65 దాటితే ఇవ్వం అనే గీత 2024 ఏప్రిల్ నుంచి లేదు. కానీ ప్రీమియం వాళ్ల చేతిలోది. పాత జబ్బులకి క్లెయిము రావాలంటే మూడేళ్ల వరకు ఆగాలి. అది నిజమే, ఆ వయసులో మూడేళ్లంటే మాటలు కాదు. సరే, మాష్టారు ముందు తనకున్న జబ్బుకి తను వెళ్లే ఆస్పత్రిలో కార్డు నడుస్తుందా అని కనుక్కోవాలి. ఆ తర్వాతే నా సలహా.

మాష్టారు: నాకు షుగరు, బీపీ. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు "బీపీ రాయొద్దు మాష్టారూ, రేటు పెరుగుతుంది" అన్నాడు. రాయలేదు.

సలహాదారు: ఎన్నేళ్లైంది?

మాష్టారు: తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఒక్క ఏడాదీ తప్పలేదు.

సలహాదారు: బతికిపోయారు. ఆపకుండా ఐదేళ్లు కడితే, మోసమని రుజువు చేస్తే తప్ప జబ్బు దాచారన్న వంకతో క్లెయిము కొట్టెయ్యకూడదు. ఇదివరకు ఎనిమిదేళ్లుండేది. అయినా ఆ ఏజెంటు మాట ఇంకెవరికీ చెప్పకండి.

యాంకర్: ప్రీమియం సంగతి?

సలహాదారు: వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. 60 దాటినవాళ్లకి ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐని ముందు అడగాలి. ప్రీమియం మీద ఆదాయపు పన్నులో వచ్చే 80డీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉంటేనే.

మాష్టారు: ఈ రూమ్ గొడవ లేని పాలసీకి ఆవిణ్ణి మార్చొచ్చా?

సలహాదారు: పోర్టింగు పెట్టండి, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం. ఇన్నేళ్లు ఆగిన కాలం లెక్కలోకి వస్తుంది, కానీ పాత 3 లక్షల వరకే. 5 లక్షలకి పెంచితే ఆ పై రెండు లక్షలకీ మళ్లీ ఆగాలి. తుంటి ఆపరేషన్ చూసి కొత్త కంపెనీ వద్దనొచ్చు కూడా. వాళ్లు సరేనని రాసిచ్చేదాకా పాతది వదలొద్దు. రెన్యువల్‌కి 45 రోజుల ముందే అప్లికేషన్ పడాలి.

మాష్టారు: మాది జనవరి 14. అంటే... నవంబరు 30.

డాక్టర్: ఈసారి లెక్క తప్పలేదు.

మాష్టారు: సంక్రాంతికి కట్టాలి అని గుర్తుపెట్టుకున్నా ఇన్నేళ్లూ. కార్తీక మాసంలోనే కాగితాలు కదపాలన్నమాట.