జింక్ పని జింక్‌ది, అతిమధురం పని అతిమధురానిది

(ఫార్మసీ విద్యార్థులు, చిన్న తయారీదారుల కోసం ఏర్పాటు చేసిన సదస్సులో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ముందు వరుసల్లో ఫార్మసీ చదువుతున్న పిల్లలున్నారు. వెనక వరుసల్లో ఇంట్లోనో చిన్న షెడ్డులోనో సబ్బులూ క్రీములూ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకుంటున్నవాళ్లున్నారు. రెండు వైపుల నుంచీ నాకు వచ్చే ప్రశ్న ఒకటే: "కెమికల్స్ లేకుండా సన్‌స్క్రీన్ చేయొచ్చా సార్?" చేయలేం. జింక్ ఆక్సైడ్ కూడా కెమికలే. అయితే ఆ ప్రశ్న వెనక ఉన్న ఆశ తప్పు కాదు. ఒంటికి ఇబ్బంది పెట్టనిది, మన చుట్టూ దొరికే సరుకుతో అయ్యేది ఒకటి కావాలని. ఆ దారిలో ఎంత దూరం వెళ్లొచ్చో ఈరోజు మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎండను ఆపే పని ఖనిజానిదే. మొక్కల నుంచి వచ్చేవి ఆ ఖనిజం చర్మం మీద సమంగా పరుచుకోవడానికి, చర్మం మంట తగ్గడానికి సాయం చేస్తాయి. ఈ రెండు పనులనూ కలగాపులగం చేసి, సాయం చేసేదాన్ని కాపాడేదిగా లెక్కేసినప్పుడే కొంప మునుగుతుంది.

అసలు ఖనిజాల వైపు ఇంత మొగ్గు ఎందుకొచ్చింది? 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన సన్‌స్క్రీన్ నిబంధనలను సవరించాలని ఒక ప్రతిపాదన పెట్టింది. అందులో సురక్షితమూ సమర్థమూ అని ఒప్పుకున్న ఫిల్టర్లు, అంటే ఎండను ఆపే పదార్థాలు, రెండే: జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. మరో పన్నెండింటికి ఇంకా సమాచారం కావాలంది. అదే ఏడాది వాళ్ల శాస్త్రవేత్తలు 24 మంది మీద చేసిన పరీక్షలో ఆక్సీబెంజోన్, అవోబెంజోన్ లాంటివి చర్మం దాటి రక్తంలో కనిపించాయి. రక్తంలో కనిపించినంత మాత్రాన హాని జరిగిందని కాదు, సన్‌స్క్రీన్ మానొద్దని ఆ పరిశోధకులే చెప్పారు. ఆ వాక్యాన్ని వాట్సాప్ ఎప్పుడూ ఫార్వర్డ్ చేయదు. జింక్ సంగతి వేరు. సిడ్నీలో బీచ్‌లో ఉన్నవాళ్లకు, ఆచూకీ పట్టగల జింక్ ఐసోటోప్‌తో చేసిన క్రీము రాసి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తంలోకి చేరింది అతి స్వల్పం. మన ఒంట్లో ఎప్పుడూ రెండు గ్రాముల దాకా జింక్ ఉంటుంది, దాని ముందు ఇది లెక్కలోకి రాదు.

ఇప్పుడు చాలామంది పాఠ్యపుస్తకాల్లో కూడా తప్పుగా చదివిన విషయం ఒకటి. ఖనిజ సన్‌స్క్రీన్ ఎండను అద్దంలా తిప్పికొడుతుందంటారు. కాదు. అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో అది వెనక్కి పంపేది ఐదు శాతం లోపే. మిగతాదంతా ఆ ఖనిజ రేణువులు మింగేస్తాయి, వేరే ఫిల్టర్లలాగే. నమ్మకం కుదరకపోతే ఇదిగో, ఈ చేయి మీద జింక్ క్రీము చార పెట్టాను. మీ కంటికి తెల్లగా ఉంది. ఇదే చేతిని యూవీ కెమెరాతో తీసిన ఫొటో తెర మీద చూడండి. నల్లటి బొగ్గు గీత! ఆ కిరణాలు తిరిగి రావడం లేదు కాబట్టే నలుపు. 290 నుంచి 320 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం ఉండే యూవీబీ చర్మాన్ని కమిలిస్తుంది. 320 నుంచి 400 వరకు ఉండే యూవీఏ లోతుకు దిగి ముడతలు, మచ్చలు తెస్తుంది. టైటానియం యూవీబీకి గట్టిది. జింక్ యూవీఏలో 370 దాకా బాగా పట్టుకుంటుంది. అందుకే ఒక్కటే వాడాల్సి వస్తే నేను జింక్ వైపే ఉంటాను. టైటానియం ఖనిజాలు భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో ఇసుకలోనే ఉన్నాయన్న సంగతి మాత్రం మన పిల్లలకు తెలియాలి. ఇల్మెనైట్, రూటైల్ పేర్లు ఎక్కడో కాదు, మన బీచ్ మీదే.

కిరణాన్ని మింగినది ఆ శక్తిని ఎక్కడో కక్కాలి కదా. పూత లేని టైటానియం డయాక్సైడ్, అందులోనూ అనటేజ్ రూపం, వెలుతురు తగలగానే చుట్టూ ఉన్న నీటితో, ఆక్సిజన్‌తో కలిసి ఫ్రీ రాడికల్స్, అంటే పక్కవాటిని పాడుచేసే చురుకైన అణువులు, పుట్టిస్తుంది. గోడ పెయింట్లు కొన్నేళ్లకు పొడిపొడిగా రాలడానికి ఇదీ ఒక కారణం. క్రీములో అయితే పక్కనున్న నూనెలు పాడవుతాయి. కాబట్టి కొనేటప్పుడు రూటైల్ రూపమా, సిలికా గానీ అల్యూమినా గానీ పూత ఉందా అని సరఫరాదారుణ్ని కాగితం మీద అడగండి. కిలోకు చవగ్గా దొరికే రబ్బరు గ్రేడు, పెయింటు గ్రేడు జింక్ మొహానికి రాసేది కాదు. ధర చూసి మోసపోవద్దు.

ఇక నా దృష్టిలో అసలైన భాగం ఇది. ఇక్కడ రెండు గాజు పలకలున్నాయి. రెండింటి మీదా 20 శాతం జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమే. మొదటిది వంటింటి మిక్సీలో పొడిని నూనెలో వేసి తిప్పింది. రెండోది రేణువుల్ని విడదీసి ఉంచే డిస్పర్సెంట్ సరైనది వేసి, బాగా చిలికే హోమోజినైజర్ యంత్రంలో చేసింది. చేతికి రెండూ ఒకేలా మెత్తగా తగులుతాయి. మైక్రోస్కోప్ కింద పెడితే మొదటి దాంట్లో జింక్ గుంపులు గుంపులుగా, మధ్యలో ఖాళీలు. వేడి నీళ్లలో ఒక్కసారే పిండి గుమ్మరిస్తే రాగి జావ ఉండలు కట్టినట్టే. ఆ ఖాళీల్లోంచి ఎండ దర్జాగా దిగుతుంది. లేబుల్ మీద 20 శాతం అని రాయడం అబద్ధం కాదు, కానీ చర్మానికి అందింది అంత కాదు.

ఇది ఇంట్లో చేసేవాళ్ల సమస్యే అనుకోకండి. 2025 జూన్‌లో ఆస్ట్రేలియాలో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్లను పరీక్షిస్తే 16 తాము చెప్పుకున్న ఎస్‌పీఎఫ్‌ను, అంటే చర్మం కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకెను, అందుకోలేదు. వాటిలో ఒక జింక్ క్రీము లేబుల్ మీద 50+ అని ఉంటే కొలతలో తేలింది 4. ఆగస్టులో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎండను అంత సీరియస్‌గా తీసుకునే దేశంలో, లైసెన్సులన్నీ ఉన్న కంపెనీకే ఈ గతి.

ఈ ఉండల సమస్యకు మందు మొక్కల్లోనే ఉంది. నేను ఎక్కువగా ఇష్టపడే 'సహజ పదార్థం' కలబందా కాదు, పసుపూ కాదు. పాలీహైడ్రాక్సీస్టియరిక్ యాసిడ్. పేరు భయపెడుతుంది గానీ దాని పుట్టిల్లు ఆముదం. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ఎర్ర చెల్కల్లో పండించిన అదే ఆముదం. దీని అణువులు జింక్ రేణువు చుట్టూ చేరి ఒకదాన్నొకటి అంటుకోనివ్వవు. జింక్ బరువులో కొద్ది శాతం వేస్తే చాలు, క్రీము పలచగా జారుతుంది, పూత ఒకేలా పడుతుంది. కొబ్బరి నూనె నుంచి విడదీసిన తేలికపాటి ట్రైగ్లిజరైడ్ నూనెలో ముందు దీన్ని కలిపి, ఆ తర్వాత జింక్ వేసి బాగా మర్దించాలి. నూనెలో నీళ్లు ఉండే తరహా ఎమల్షన్ అయితే ఇంకా మంచిది, చెమటకు తొందరగా జారిపోదు. మే నెలలో విజయవాడలో ఉండే చెమటకు ఇది చిన్న విషయం కాదు.

కొబ్బరి నూనెకే 7, 8 ఎస్‌పీఎఫ్ ఉందటగా అని మీలో కొందరు అడగబోతున్నారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నూనెను ఆల్కహాల్‌లో కరిగించి, చిన్న గాజు పెట్టెలో పోసి, యంత్రంలో 290 నుంచి 320 వరకు ఎంత వెలుతురు ఆగిందో చదివి, సూత్రంలో వేసిన లెక్క అది. పెట్టెలో వెలుతురు ఒక సెంటీమీటరు ద్రవం గుండా వెళుతుంది. చర్మం మీద పూత మందం అందులో వందోవంతు కూడా ఉండదు, పైగా గీతల్లోకి జారిపోతుంది. యూవీఏని ఆ పరీక్ష చూడనే చూడదు. కొబ్బరి నూనె చర్మానికి మంచిదే. ఎండకు కాదు.

దీనికంటే సూక్ష్మమైన మోసం ఇంకొకటుంది, పెద్ద కంపెనీలూ ఇందులో పడ్డాయి. అసలు ఎస్‌పీఎఫ్ ఎలా కొలుస్తారు? పది మంది వాలంటీర్ల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి, దీపం వెలుతురు పెట్టి, మర్నాడు చర్మం ఎర్రబడిందా లేదా అని చూస్తారు. అంటే కొలిచేది ఎర్రదనాన్ని. అతిమధురం, చామంతి నుంచి వచ్చే బిసబొలాల్, అలంటాయిన్ లాంటివి వాపునూ ఎర్రదనాన్నీ అణిచేస్తాయి. వాటిని క్రీములో దండిగా వేస్తే చర్మం ఎర్రబడదు, అంకె పెరుగుతుంది. కిరణాలు మాత్రం లోపలికి దిగుతూనే ఉంటాయి, కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతింటూనే ఉంటుంది. మంట తెలియక మనిషి ఇంకా సేపు ఎండలో నిలబడతాడు. ఇది రక్షణ లేకపోవడం కంటే హీనం.

అలాగని అతిమధురం వద్దంటానా? అసలే వద్దనను. నా సూచన ఒకటే: ముందు మొక్కల సారాలేవీ లేకుండా ఖాళీ క్రీము చేసి, దాని ఎస్‌పీఎఫ్ కొలిపించండి. లేబుల్ మీద వేసేది ఆ అంకె. ఆ తర్వాత అతిమధురం, సరస్వతి ఆకు సారం, విటమిన్ ఇ కలుపుకోండి. లాభం ఉంటే అది వాడేవాళ్లకు అదనం, మన ప్రకటనకు కాదు. ఖర్చు ఎక్కువవుతుంది, తెలుసు. 'మినరల్ మాత్రమే' అని రాసి లోపల బ్యూటైల్ఆక్టైల్ సాలిసిలేట్ వేసేవాళ్ల గురించీ ఇదే మాట. అది ఫిల్టర్ల జాబితాలో ఉండదు, కానీ యూవీబీని మింగే సాలిసిలేట్ల కుటుంబంలోదే. వేస్తే వేయండి, 'మాత్రమే' అన్న మాట తీసేయండి.

మొక్కలన్నీ మిత్రులు కావు. బావంచాల గింజల్లో సోరాలెన్ ఉంటుంది. బొల్లి వైద్యంలో దాన్ని వాడేదే చర్మాన్ని వెలుతురుకు మరింత స్పందించేలా చేయడానికి. సన్‌స్క్రీన్‌లో పడితే పని పూర్తిగా తిరగబడుతుంది. ఇప్పుడు ఫ్యాషనైన బకుచియాల్ ఆ గింజల నుంచే వస్తుంది కాబట్టి సోరాలెన్ లేదని పరీక్షాపత్రం లేకుండా తీసుకోవద్దు. నిమ్మ తొక్కల నుంచి పిండి తీసిన నూనెదీ ఇదే తంతు. నిమ్మరసం ఇంకో రకంగా చెడ్డది, పులుపుకు జింక్ ఆక్సైడ్ కరిగిపోతుంది. పసుపేమో వెలుతురుకు తానే పాడైపోతుంది, కాలర్లకు రంగు పడుతుంది. కానుగ నూనెలో యూవీని కొంత పట్టే కరంజిన్ ఉంది, కానీ వాసన భరించగలిగిన కస్టమర్ నాకింకా తగల్లేదు.

మన రంగు చర్మానికి సంబంధించి ఒక ముఖ్యమైన మాట. మంగు మచ్చలున్నవాళ్లకు అతినీలలోహితాన్ని ఆపినా సరిపోదు. కంటికి కనిపించే వెలుతురు, అందులోనూ నీలం వైపుది, చామనఛాయ చర్మంలో నలుపు పెంచుతుంది. తెల్లటి చర్మంలో అలా జరగదు. దాన్ని తెల్ల జింక్ ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. మన గడపలకూ గోడలకూ పూసే జేగురు రంగు ఇచ్చేది అవే. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు తగుపాళ్లలో కలిపితే ఒకేసారి రెండు పనులు జరుగుతాయి: మంగుకు రక్షణ, జింక్ వల్ల వచ్చే సున్నం కొట్టినట్టుండే తెలుపుకు విరుగుడు. అయితే కొట్టులో దొరికే జేగురు ముద్ద వాడకూడదు. మట్టిలో సీసం, ఆర్సెనిక్ ఉండొచ్చు. కాస్మెటిక్ గ్రేడుది ఫ్యాక్టరీలో తయారైనదే. ఇక్కడ సహజమైనదాని కంటే కృత్రిమమైనదే శుభ్రం.

మిగతావి గబగబా చెప్తాను. జింక్ ఉన్న క్రీము పీహెచ్ 7 దాటి ఉంటుంది. ఆ పీహెచ్‌లో సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ పనిచేయవు. 'నేచురల్ ప్రిజర్వేటివ్' అని అవి వేసి, పైగా కలబంద గుజ్జు కలిపితే ఫంగస్‌కు విందు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ వేయడానికి సిగ్గుపడొద్దు. చిక్కదనానికి కార్బోమర్ జెల్ వాడితే జింక్ దాన్ని విరగ్గొడుతుంది. స్ప్రేలు, పౌడర్ల జోలికి పోవద్దు, ఈ రేణువులు చర్మం మీద ఉన్నంతసేపే మంచివి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. పొడి తూచేటప్పుడు మీరూ మాస్క్ పెట్టుకోండి.

లైసెన్సు విషయం. మన దేశంలో సన్‌స్క్రీన్ కాస్మెటిక్ కిందికి వస్తుంది, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. అమెరికాలో అయితే అది మందు. డాలస్‌లో ఉన్న బంధువులకు పచ్చళ్ల పార్సిల్‌తో పాటు నాలుగు ట్యూబులు పంపి అక్కడ అమ్మించుకుందాం అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఆఖరుగా పరిమాణం. మొహానికి ఒకసారికి దాదాపు ఒక గ్రాము పట్టాలి, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీసినంత. మెడ, చెవులు వేరే. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు. మీ కస్టమర్ ఒక ట్యూబు ఆరు నెలలు వచ్చిందని మెచ్చుకుంటే, రోజుకు రెండుసార్ల లెక్కన ఆ మనిషి రాయాల్సినదాంట్లో దాదాపు ఏడో వంతే రాస్తున్నారని, లేబుల్ మీది ఎస్‌పీఎఫ్ అందడం లేదని అర్థం. కాబట్టి ఇంట్లో అందరూ ధారాళంగా రాసుకోగల ధరకు పెద్ద ప్యాక్ చేయండి, ఎస్‌పీఎఫ్ 30 చాలు, 50 కోసం జింక్ పెంచుకుంటూ పోయి తెల్ల ముఖాలు చేయొద్దు. సరిగ్గా రాస్తే 30 ఆపేది యూవీబీలో 97 శాతం, 50 ఆపేది 98.

మైక్రోస్కోప్ ఇక్కడే ఉంటుంది. మీ సొంత క్రీములు తెచ్చుకున్నవాళ్లు వరుసలో రండి, పలక మీద పూసి చూద్దాం.