లక్షలు పెట్టి స్పీకర్లు కొనే ముందు: రివ్యూ ఎలా చూడాలి, ఇంట్లో ఎలా వినాలి

అందరికీ నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. మంచి స్పీకర్ల జత, ఆంప్లిఫయర్ కలిపి లక్ష, రెండు లక్షలు పెట్టాలనుకునేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. కానీ అలాంటివి తీరిగ్గా కూర్చుని వినాలంటే బెంగళూరో, చెన్నైయో, హైదరాబాదో పోవాల్సి వస్తుంది. అందుకే చాలామంది రివ్యూ చూసి ఆర్డర్ పెట్టేస్తారు. అంత డబ్బు పెట్టేటప్పుడు అది చాలదు. ఏం చేయాలో చూపిస్తాను.

ముందు రివ్యూ సంగతి. తాను విన్న స్పీకర్ కంపెనీ పంపిందా, సొంతంగా కొన్నదా అన్నది రివ్యూ చేసినాయన చెప్పాడో లేదో చూడండి. డబ్బు గానీ, ఉచితంగా వస్తువు గానీ తీసుకుని ప్రచారం చేసేవాళ్లు ఆ విషయం స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉచితంగా వచ్చింది కాబట్టి ఆ రివ్యూ పనికిరాదని మాత్రం నేను అనను. అంతకంటే ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న స్పీకరో, హెడ్‌ఫోనో తీసుకుని, దాని గురించి ఆయన ఏమన్నాడో వెతకండి. అది వింటూ ఆయన మాటలు సరిచూడండి. బేస్ ఎక్కువ అని ఆయన అన్నచోట మీకూ అలాగే అనిపిస్తే, మీ ఇద్దరి చెవులూ కలిసినట్టే. ఆయనకు చాలా క్లియర్‌గా ఉన్నది మీ చెవుల్లో గుచ్చుకుంటోందా? అదీ పనికొచ్చే సమాచారమే. ఆయన అంతగా మెచ్చుకునే కొత్త స్పీకర్‌తో జాగ్రత్త పడొచ్చు.

తన గది ఎంతదో, ఏ ఆంప్లిఫయర్‌తో విన్నాడో చెప్పని రివ్యూని నేను పక్కన పెట్టేస్తాను. ఎందుకో ఈ హాలు చూడండి. కింద కడప బండలు, పైన స్లాబు, చుట్టూ ఖాళీ గోడలు. ఒకసారి చప్పట్లు కొడతాను... వెనకాల ఆ మోత విన్నారా? కార్పెట్, కర్టెన్లు, గోడలకు ప్యానెళ్లు ఉన్న గదిలో తియ్యగా వినిపించిన స్పీకర్ ఇక్కడ కీచుమనొచ్చు. బేస్ సంగతి ఇంకా కష్టం. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే, సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతైన బేస్ శబ్దం ఆ రెండు గోడల మధ్యే నిలబడిపోతుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే బేస్ ఉబ్బినట్టుంటుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమైనట్టుంటుంది. ఇదంతా మీ గది లెక్క. రివ్యూలో దొరకదు.

అందుకే డీలర్‌ని హోమ్ ట్రయల్, అంటే ఇంటికి తెచ్చుకుని విని చూసే అవకాశం అడగండి, మొహమాటం వద్దు. ఎన్ని రోజులు, రవాణా ఖర్చు ఎవరిది, గీత పడితే ఎవరు భరించాలి, నచ్చకపోతే మొత్తం డబ్బు తిరిగొస్తుందా, అన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

స్పీకర్లు వచ్చాయనుకుందాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వినేటప్పుడు చాలామంది వాల్యూమ్ సమానం చేయరు. ఆ పోలికకు విలువే లేదు. కొంచెం గట్టిగా మోగేదే మన చెవికి బాగుంటుంది, కానీ గట్టిగా ఉందని తెలియదు, క్లియర్‌గా ఉందనిపిస్తుంది. సెన్సిటివిటీ అంటే ఒకే పవర్ ఇచ్చినప్పుడు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె. అది 84 ఉన్న స్పీకర్ 87 ఉన్నదానితో సమానంగా మోగాలంటే రెట్టింపు పవర్ కావాలి. వాల్యూమ్ నాబ్ ఒకేచోట ఉంచి పోలిస్తే 87 స్పీకరే నెగ్గుతుంది.

చేసేది ఇంతే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, సోఫాలో మీ చెవి ఎత్తున నిలబెట్టండి. పింక్ నాయిస్ అనే ఫైల్ ప్లే చేయండి, జోరువాన హోరులా ఉంటుంది. పాత స్పీకర్‌కి 70 చూపిస్తే కొత్తదానికీ 70 వచ్చేలా నాబ్ తిప్పి, రెండు చోట్లా టేపు ముక్కతో గుర్తు పెట్టండి. తేడా అర డెసిబెల్ దాటకూడదు. ఫోన్ అంకె కచ్చితం కాకపోయినా ఫర్వాలేదు, రెండిటినీ కొలిచేది అదే ఫోన్ కదా.

ఆ తర్వాత ముందు పలుచని తెర కట్టి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లోవాళ్లను మార్చమనండి. వైర్లు మార్చే ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆఫ్ చేయాలి, ఇది మరవొద్దు. తెర ఎందుకంటారా? ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే శబ్ద పరిశోధకులు 1994లో ఇదే పరీక్షించారు. స్పీకర్లు కనబడుతున్నప్పుడు, కనబడనప్పుడు అవే మనుషులు వేర్వేరు మార్కులు వేశారు.

ఏం వినాలి? డెమో పాటలు వద్దు, మీకు ప్రాణమైనవి వినండి. నేనైతే మన తాళ్లపాక అన్నమయ్య కీర్తన ఒకటి పెడతాను. మృదంగం ఎడమవైపు దెబ్బ విడివిడిగా వినిపిస్తోందా, ఒకదానిలో ఒకటి కలిసిపోతోందా? గొంతులో ‘స’, ‘ష’ గుచ్చుకుంటున్నాయా? ఫ్యాన్ ఆపకండి. మన ఎండల్లో ఫ్యాన్ లేకుండా ఎవరు వింటారు? రివ్యూయర్ పొగిడిన సన్నటి వివరాలు ఆ ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంటే, వాటి కోసం అదనంగా యాభై వేలు పెట్టాల్సిన పనిలేదు.

బేస్ ఉబ్బితే స్పీకర్లను గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపి, నేల మీద జంపఖానా పరిచి, మళ్లీ వినండి. అప్పటికీ నచ్చకపోతే వెనక్కి పంపేయండి. డబ్బా, థర్మోకోల్ వచ్చినవి వచ్చినట్టే దాచి, ప్యాక్ చేసేటప్పుడు సీరియల్ నంబర్ కనబడేలా వీడియో తీసి పెట్టుకోండి.